మోతాదు లెక్క మార్చిన ఫార్మసిస్టు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో ఉపాధ్యాయులమైన మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల ప్రశ్న ఏటా ఒకటే. ‘బైపీసీ చదివాడు, మెడిసిన్ సీటు రాలేదు, ఇప్పుడేం చేయాలి?’ ఫార్మసీ చదివించవచ్చు కదా అని మేము అంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. ‘ఇంత చదివించి మెడికల్ షాపులో కూర్చోబెట్టమంటారా సార్?’ అంటారు. మెడికల్ షాపు నడపడం చిన్న పని అని మేము అనుకోము. కానీ ఆ చదువు అక్కడితో ఆగిపోతుందని అనుకోవడం మాత్రం సరికాదు. చదువులకు, వైద్యానికి చేయూతనిచ్చే దాతలు ఈ సంచికను చదువుతారు కనుక, ఫార్మసీ పట్టా పుచ్చుకుని బయలుదేరిన ఒక మనిషి పిల్లల రక్త క్యాన్సర్ వైద్యాన్ని ఎలా మార్చాడో, ఆ పనికి దాతల సొమ్ము ఎలా ఆధారమైందో కాస్త వివరంగా చెప్పదలచాము.

ఆయన పేరు విలియం ఇవాన్స్. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, మెంఫిస్ నగరంలో పనిచేశారు. టెనెసీ విశ్వవిద్యాలయంలో 1974లో ఫార్మ్‌డీ పట్టా పొందారు. విద్యార్థిగా ఉన్నప్పుడే అదే ఊళ్లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో అడుగుపెట్టి, చివరకు 2004 నుండి 2014 వరకు ఆ ఆసుపత్రికి డైరెక్టరుగా, ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్నారు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న నలుగురూ వైద్యులే. అయిదవవాడు ఫార్మసిస్టు.

ముందుగా ఆ ఆసుపత్రి గురించి నాలుగు మాటలు చెప్పాలి. దాన్ని స్థాపించినది ప్రభుత్వం కాదు, కోటీశ్వరుడూ కాదు. డానీ థామస్ అనే హాస్యనటుడు. లెబనాన్ నుండి అమెరికాకు వలస వచ్చిన క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. చేతిలో పని లేక అల్లాడుతున్న రోజుల్లో, దారి దొరికితే ఒక మందిరం కట్టిస్తానని మొక్కుకున్నాడట. ఆ మొక్కు చివరకు పిల్లల ఆసుపత్రిగా రూపుదిద్దుకుంది. కట్టడం ఒక ఎత్తు, నడపడం మరో ఎత్తు. అందుకోసం లెబనాన్, సిరియా ప్రాంతాల నుండి వెళ్లి స్థిరపడిన అరబ్బు మూలాల అమెరికన్లను కూడగట్టి 1957లో ఒక ధర్మసంస్థను ఏర్పాటు చేశాడు. తమ పూర్వీకులకు చోటిచ్చిన దేశానికి కృతజ్ఞతగా ఈ భారం మోద్దామని వారిని కోరాడు. 1962 ఫిబ్రవరిలో ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. నల్లవారికి, తెల్లవారికి వేరు వేరు వార్డులు ఉన్న కాలంలో, ఆ దక్షిణాది రాష్ట్రంలో, ఏ రంగు బిడ్డనైనా ఒకే వార్డులో చేర్చుకున్న ఆసుపత్రి అది. భవనానికి నమూనా గీసిన నల్లజాతి వాస్తుశిల్పి పాల్ విలియమ్స్ రుసుము తీసుకోలేదు. వైద్యానికి గాని, ప్రయాణానికి గాని, బసకు గాని, భోజనానికి గాని ఏ కుటుంబానికీ బిల్లు ఇవ్వకూడదన్న నియమం నేటికీ నడుస్తున్నది. ఖర్చులో అధిక భాగం విరాళాలే.

మేము ఇక్కడ దాతల దృష్టికి తేదలచిన విషయం ఒకటుంది. ఆ ఆసుపత్రి పేరులోనే ‘పరిశోధన’ అన్న మాట ఉంది. వచ్చిన పిల్లలకు వైద్యం చేసి పంపడంతో సరిపెట్టక, ఎవరికి ఏ మందు ఎంత ఇచ్చారో, ఏమైందో, ఎందుకైందో పద్దు రాసి పెట్టడం మొదటి రోజు నుండీ అక్కడి పనిలో భాగం. అన్నదానం చేసేవారు విస్తళ్లు లెక్కపెడతారు గాని, తిన్నవాడికి అరిగిందా లేదా అని వెంటబడి అడగరు. ఈ దాతలు అడిగేవారిని కూడా జీతమిచ్చి పెట్టుకున్నారు.

ఇక జబ్బు సంగతి. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఎముకల లోపలి మూలుగలో తెల్ల రక్తకణాలు పక్వం కాకుండానే అదుపు తప్పి పెరిగిపోతాయి. 1962 నాటికి ఈ జబ్బు సోకిన పిల్లల్లో నూటికి నలుగురు బతికితే గొప్ప. ఈనాడు ఆ ఆసుపత్రిలో నూటికి తొంభై మందికి పైగా బతుకుతున్నారు. ఇంత మార్పు కొత్త మందులు కుప్పలుగా రావడం వల్ల జరిగిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ వైద్యానికి వెన్నెముక వంటి మందుల్లో రెండు 1953 నాటికే చేతిలో ఉన్నాయి. ఒకటి మెథోట్రెక్సేట్, రెండవది మెర్‌కాప్టోప్యూరిన్.

మొదటి మందు కథలో మన భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, ఫోలిక్ ఆమ్లానికి పోటీగా నిలిచి కణాల పెరుగుదలను అడ్డుకునే పదార్థాలను ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లలకు ఇచ్చి చూశారు. పదహారు మందిలో పది మందికి జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గిందని 1948లో ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బుకు అంత మాత్రం ఉపశమనమైనా ఎవరూ చూడలేదు. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ మందుకు చెల్లెలు వంటిది. రెండవదైన మెర్‌కాప్టోప్యూరిన్‌ను గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ కనుగొన్నారు. 1988లో నోబెల్ బహుమతి పొందిన వారిలో ఈ ఇద్దరూ ఉన్నారు.

మందులు ఉన్నాయి. మరి అందరూ ఎందుకు బతకలేదు? ఇక్కడే ఫార్మసిస్టు పని మొదలవుతుంది.

ఒకే మోతాదు, వేరు వేరు పిల్లలు

పాఠశాలలో ఒకే తరగతి పిల్లలందరికీ ఒకే కొలత యూనిఫారం కుట్టిస్తే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. సగం మందికి వేలాడుతుంది, కొందరికి బొత్తాం పట్టదు. మందుల విషయంలో వైద్యులు అంత మొరటుగా ఏమీ లేరు. ఎత్తు, బరువు కలిపి లెక్కగట్టి, ఒంటి వైశాల్యాన్ని బట్టి మోతాదు నిర్ణయించేవారు. పైనుండి చూస్తే అది న్యాయంగానే ఉంటుంది. అయితే ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరు పిల్లలకు ఒకే మందు సమానంగా ఇచ్చినా, ఇద్దరి రక్తంలోనూ అది సమానంగా నిలవదు. ఒకరి మూత్రపిండాలు తొందరగా బయటకు పంపేస్తాయి. ఇంకొకరి ఒంట్లో రోజులు గడిచినా పోదు. మందులో తేడా లేదు, మనిషిలో ఉంది.

1970లలో ఈ తేడాను కొలిచే విద్య అప్పుడప్పుడే పుంజుకుంటున్నది. మందు ఒంట్లోకి ఎలా చేరుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఎలా విరుగుతుంది, ఎలా పోతుంది అని గంటగంటకూ రక్తం తీసి లెక్కలు కట్టే శాస్త్రం అది. ఆనాటి ఆసుపత్రుల్లో ఫార్మసిస్టు చాలావరకు మందుల గదిలో చీటీ చూసి సీసా అందించే మనిషి. ఇవాన్స్ తరం వారు ఆ గది వదిలి రోగి మంచం దగ్గరకు వచ్చారు. మందుల గదికీ ప్రయోగశాలకూ మధ్య ఉన్న గోడను తీసేయడమే వారు చేసిన మొదటి పని అని మేము అంటాము. 1980లో ఈ కొలతల విద్యపై వెలువడిన ఒక ప్రసిద్ధ పాఠ్యగ్రంథానికి ఇవాన్స్ సంపాదకుల్లో ఒకరు.

మెథోట్రెక్సేట్‌ను ఎక్కువ మోతాదులో ఒక రోజంతా సెలైన్ ఎక్కించినట్లు ఎక్కించి, తరువాత విరుగుడు మందు ఇచ్చి ఒంటిని కాపాడే పద్ధతి ఒకటుంది. అలా వైద్యం పొందిన 108 మంది పిల్లల రక్తంలో మందు ఏ మేరకు నిలిచిందో కొలిచి, వారిలో ఎవరికి జబ్బు తిరగబెట్టిందో ఇవాన్స్ బృందం సరిపోల్చి చూసింది. 1986లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. రక్తంలో మందు తక్కువ మేరకు నిలిచిన పిల్లలకే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని తేలింది. ఆ పిల్లలందరికీ ఒకే లెక్క ప్రకారం మందు పోసిన సంగతి మరవకూడదు. కాగితం మీద సమానంగానే ఇచ్చారు. కొందరికి మాత్రం చాలలేదు. చాలలేదని ఎవరికీ తెలియలేదు.

ఇలాంటి సరిపోల్చడంతో సరిపుచ్చుకోకపోవడం మంచి పరిశోధకుడి లక్షణం. మందు తక్కువ నిలవడమే కారణమా, లేక ఆ పిల్లల్లో మరేదైనా ఉందా? దీన్ని తేల్చడానికి 182 మంది పిల్లలను చీటీలు వేసినట్లుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పాత పద్ధతిలో ఒంటి వైశాల్యాన్ని బట్టి మోతాదు. రెండవ జట్టులో ప్రతి బిడ్డ ఒంట్లో మందు ఎంత వేగంగా పోతున్నదో కొలిచి, ఆ బిడ్డకు తగినట్లు మోతాదు పెంచడం లేదా తగ్గించడం. అయిదేళ్ల తరువాత చూస్తే, ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే బి కణాల రకం ఉన్న పిల్లల్లో, పాత పద్ధతి జట్టులో నూటికి 66 మంది, కొలిచి ఇచ్చిన జట్టులో నూటికి 76 మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. 1998లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. టి కణాల రకంలో ఇంతటి తేడా కనిపించలేదని కూడా అందులోనే రాశారు. అనుకూలించని ఫలితాన్ని దాచకుండా రాయడం మాకు నచ్చిన విషయం.

నూటికి పది మంది అంటే ఎంత? పదిమంది పిల్లలకు ఒకరు. ఆ ఒక్కరి కోసం ఇక్కడ కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందునే కొలిచి ఇచ్చారు.

చెరువు, తూము

రెండవ మందు కథ ఇంకా లోతైనది. మెర్‌కాప్టోప్యూరిన్ మాత్రలను ఈ పిల్లలు ఇంటి దగ్గరే, రోజూ, రెండేళ్లకు పైగా వేసుకోవాలి. మన ఊళ్లలో క్యాన్సర్ వైద్యం పొందిన పిల్లలున్న ఇళ్లలో ఈ మాత్రల పెట్టెలు కనిపిస్తూనే ఉంటాయి. ఒంట్లోకి చేరాక ఈ మందు మరో రూపంలోకి మారి క్యాన్సర్ కణాలను చంపుతుంది. దాన్ని నిర్వీర్యం చేసి పక్కకు తప్పించే ఎంజైమ్‌లలో ఒకదాని పేరు టీపీఎంటీ. చెరువులోకి నీరు వస్తున్నదనుకోండి, అదనపు నీరు పోయే తూము వంటిది ఈ ఎంజైమ్. తూము బాగా పనిచేస్తే చెరువు నిలకడగా ఉంటుంది. తూము పూడిపోతే మామూలు వానకే గట్టు తెగుతుంది.

మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌లో రిచర్డ్ వైన్‌షిల్‌బామ్ 1980లో దాదాపు మూడు వందల మంది రక్తంలో ఈ ఎంజైమ్‌ను కొలిచారు. నూటికి 89 మందికి బాగా ఉంది. 11 మందికి మధ్యస్థంగా ఉంది. మూడు వందల మందిలో ఒకరికి అసలు లేదు. పదవ తరగతిలో మేము చెప్పే మెండెల్ బఠాణీల పాఠమే ఇక్కడా నడుస్తుంది. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి. రెండూ మంచివైతే తూము పూర్తిగా తెరిచి ఉంటుంది. ఒకటి చెడితే సగం తెరిచి ఉంటుంది. రెండూ చెడితే మూసుకుపోతుంది.

ఆ మూడు వందల్లో ఒక్కరైన బిడ్డకు మామూలు మోతాదు ఇస్తే ఏమవుతుంది? మందు పేరుకుపోయి, మూలుగ పనిచేయడం మానేస్తుంది. తెల్ల కణాలు పడిపోతాయి. చిన్న జ్వరమే ప్రాణం మీదికి వస్తుంది. క్యాన్సర్ కాదు, క్యాన్సర్ మందే బిడ్డను తీసుకుపోతుంది. అలా ఎంజైమ్ లేని ఒక బిడ్డ వైద్య వివరాలను ఇవాన్స్ బృందం 1991లో ప్రకటించింది. మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువకు తగ్గించాక ఆ బిడ్డ మందును తట్టుకోగలిగింది. 1995లో ఆ బృందమే ఈ లోపానికి కారణమైన జన్యు మార్పును మొదటిసారి గుర్తించింది. దాంతో, మందు వేసి ప్రమాదం వచ్చేదాకా వేచి ఉండే పని లేకుండా, ముందే రక్తం తీసి జన్యువును చదివే వీలు కలిగింది.

ఇక్కడ ఇవాన్స్ శిష్యురాలిగా చేరి, తరువాత సహచరురాలైన మేరీ రెల్లింగ్ గురించి చెప్పాలి. ఆమె కూడా ఫార్మసిస్టే. 180 మంది పిల్లలను పరిశీలించి ఆమె బృందం 1999లో ఒక లెక్క చూపింది. రెండు ప్రతులూ చెడిన పిల్లలందరికీ మోతాదు తగ్గించవలసి వచ్చింది. ఒక ప్రతి చెడినవారిలో నూటికి 35 మందికి, రెండూ మంచివైనవారిలో నూటికి ఏడుగురికి మాత్రమే అలా జరిగింది. అంటే జన్యు పరీక్ష జోస్యం కాదు, లెక్క. ఇందులో వైద్యులకు ఇంకో మేలు కూడా ఉంది. తెల్ల కణాలు పడిపోయినప్పుడు దోషి ఏ మందో తెలియక అన్ని మందులూ ఒకేసారి తగ్గించడం పరిపాటి. అలా తగ్గిస్తే క్యాన్సర్ తిరగబెట్టవచ్చు. ఫలానా మందుకే బిడ్డ ఒళ్లు పడదని తెలిస్తే, దాన్ని ఒక్కదాన్నే తగ్గించి మిగిలినవి పూర్తి మోతాదులో నడపవచ్చు.

ప్రయోగశాలలో తేలిన సంగతి మందుల చీటీ దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది. పరీక్ష ఫలితం చేతికి వచ్చినా, దాన్ని బట్టి మోతాదు ఎంత తగ్గించాలో వైద్యునికి తెలియకపోతే ఆ కాగితం ఫైలులో పడి ఉంటుంది. ఈ లోటు తీర్చడానికి రెల్లింగ్ తదితరులు 2009లో సీపీఐసీ అనే అంతర్జాతీయ బృందాన్ని ఏర్పాటు చేశారు. ఫలానా జన్యువు ఫలానా రకంగా ఉంటే ఫలానా మందు ఎంత ఇవ్వాలో చెప్పే మార్గదర్శకాలను ఈ బృందం రాసి, ప్రపంచంలో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకునేలా ఉంచుతుంది. టీపీఎంటీ పూర్తిగా లోపించిన క్యాన్సర్ పిల్లలకు మెర్‌కాప్టోప్యూరిన్‌ను పదో వంతుకు తగ్గించి, రోజూ కాకుండా వారానికి మూడుసార్లు మొదలుపెట్టమని అందులో ఉంది. మెంఫిస్‌లో దాతల సొమ్ముతో నేర్చుకున్నది ఈనాడు హైదరాబాదులోనో కర్నూలులోనో ఒక వైద్యుడు ఊరకే వాడుకోవచ్చు.

మన ఒంటి సంగతి

అయితే ఇంతవరకు చెప్పినది ఎక్కువగా ఐరోపా మూలాల ప్రజలను పరిశీలించి రాసిన లెక్క. ఆసియాలో వైద్యులకు ఒక చిక్కు ఎదురైంది. ఇక్కడి ప్రజల్లో టీపీఎంటీ లోపం తక్కువ. అయినా ఈ మందుకు తెల్ల కణాలు పడిపోయేవారు ఎక్కువ. తూము బాగానే ఉంది, గట్టు ఎందుకు తెగుతున్నది? 2014లో కొరియా శాస్త్రవేత్తలు, పేగు జబ్బుకు ఇదే కుటుంబపు మందు వాడిన రోగులను పరిశీలించి, ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువును బయటపెట్టారు. మరుసటి ఏడు సెయింట్ జూడ్ బృందం రక్త క్యాన్సర్ పిల్లల్లోనూ అదే తేల్చింది. ఈ జన్యువు రెండు ప్రతులూ మారిన పిల్లలు అనుకున్న మోతాదులో ఎనిమిది శాతం మాత్రమే తట్టుకోగలిగారు. ఈ మార్పు తూర్పు ఆసియాలోనూ, మన దక్షిణాసియాలోనూ, దక్షిణ అమెరికా మూలవాసుల సంతతిలోనూ కనిపిస్తుంది. ఐరోపా వారిలో అరుదు. సీపీఐసీ మార్గదర్శకంలో ఇప్పుడు రెండు జన్యువులూ ఉన్నాయి.

దీన్ని మేము ఎందుకు ఇంతగా చెబుతున్నామంటే, పరాయి దేశపు పరిశోధన మనకు ఉపయోగపడుతుంది గాని, పూర్తిగా సరిపోదు. మన ఒంటి లెక్క మన దగ్గర కూడా రాయాలి. ఇందుకు ఇంటి దగ్గర ఉదాహరణ కూడా ఉంది. ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. దాన్ని విరిచే ఎంజైమ్ లేనివారికి మాత్రం గంటల తరబడి ఊపిరి తిరగదు, యంత్రం మీద ఉంచవలసి వస్తుంది. తెలుగు ప్రాంతాల వైశ్య సమాజంలో ఈ లోపం మిగిలినవారి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధకులు గమనించారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం, శతాబ్దాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో ఇటువంటి లక్షణాలు ఎలా పేరుకుంటాయో వివరించింది. ఇది ఏ ఒక్క కులానికో మచ్చ కాదు. మేనరికాలు, పినతండ్రి పెదతండ్రి పిల్లల మధ్య సంబంధాలు ఉన్న ఏ సమాజమైనా, మన సమాజంతో సహా, తెలుసుకోవలసిన సంగతి. దగ్గరి రక్తసంబంధంలో ఒకే చెడిన ప్రతి భార్యాభర్తలిద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ.

జన్యువే సర్వం అనుకోవడం కూడా తప్పే. వయసు, మూత్రపిండాలు, కాలేయం, పక్కన వాడే వేరే మందులు అన్నీ మోతాదు మీద ప్రభావం చూపుతాయి. అన్నిటికీ మించి, మాత్ర నోట్లో పడాలి కదా. మెర్‌కాప్టోప్యూరిన్ వేసుకోని రోజులు పెరిగిన కొద్దీ జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని అమెరికాలోనే పరిశోధనలు చూపాయి. బస్సు చార్జీలకు డబ్బు లేక, కూలి పోతుందన్న బెంగతో, బిడ్డ బాగానే ఉన్నాడు కదా అన్న భ్రమతో మధ్యలో వైద్యం మానేసే కుటుంబాలు మన దగ్గర ఉన్నాయి. వారికి జన్యు పరీక్ష కన్నా ముందు దారి ఖర్చు కావాలి. సెయింట్ జూడ్ స్థాపకులు బస, భోజనం, ప్రయాణం కూడా వైద్యంలో భాగమే అనుకోవడం ఎంత ముందుచూపో ఇక్కడ అర్థమవుతుంది.

సంతకం ఎవరిది?

క్లినికల్ పరిశోధన అన్న మాట వినగానే మన బస్తీల్లో చాలామందికి భయం. పేదవారి మీద మందులు ప్రయోగిస్తారని. ఈ భయం ఊరకే పుట్టలేదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుండి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ఒక అధ్యయనం జరిగింది. అందులో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. 2010లో దాన్ని నిలిపివేశారు. ఆ సమయంలో జరిగిన మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా ప్రపంచమంతటా వాడుకలో ఉంది, మంచిదే. అయితే తల్లిదండ్రులు సంతకం పెట్టవలసిన అనుమతి పత్రాల మీద పెద్ద సంఖ్యలో హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారని బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాకు ఇది చదివినప్పుడు చాలా బాధ కలిగింది. బిడ్డ మార్కుల పట్టిక మీద సంతకానికే తండ్రిని పిలిపిస్తాము. ఒంట్లోకి మందు పంపే కాగితం మీద తండ్రికి బదులు సంతకం పెట్టే హక్కు మనకెవరిచ్చారు?

అప్పటి నుండి నియమాలు గట్టిపడ్డాయి. 2009 నుండి మన దేశంలో ప్రతి మందు ప్రయోగాన్నీ ప్రజలందరూ చూడగల జాతీయ పట్టికలో ముందుగా నమోదు చేయాలి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ప్రయోగాల నియమాల ప్రకారం నైతిక సంఘం ఆమోదం ఉండాలి, హాని జరిగితే పరిహారం చెల్లించాలి, నిస్సహాయులను కొత్త మందు ప్రయోగంలో చేర్చుకుంటే అనుమతి తీసుకోవడాన్ని వీడియోలో చిత్రించాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటిన బిడ్డ ఇష్టాన్ని కూడా అడగాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెంఫిస్‌లో ఆ 182 మంది తల్లిదండ్రులు తమ పిల్లలను పరిశోధనలో చేర్చకపోయి ఉంటే, నూటికి పది మంది తేడా ఎన్నటికీ తెలిసేది కాదు. భయపడి పారిపోవడమూ, చదవకుండా సంతకం పెట్టడమూ రెండూ నష్టమే. కాగితాన్ని తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించి, వద్దంటే వైద్యం ఆగదని చెప్పి, ప్రశ్నలకు ఓపికగా జవాబిచ్చే మనిషి ఒకరు ఆసుపత్రిలో ఉండాలి.

ఆ మనిషి ఎవరు? ఇవాన్స్ చదివిన ఫార్మ్‌డీ కోర్సు 2008 నుండి మన దేశంలోనూ ఉంది. ఇంటర్ తరువాత ఆరేళ్లు. చివరి సంవత్సరం ఆసుపత్రిలోనే గడపాలి. వార్డుల్లో తిరుగుతూ ఏ మందు ఏ మందుతో పడదో చూడటం, మోతాదు సరిచూడటం, దుష్ప్రభావాలను నమోదు చేయడం, పరిశోధనల్లో రోగికి అన్నీ వివరించి సమ్మతి తీసుకోవడంలో సాయపడటం వీరి చదువులో భాగం. తెలుగు రాష్ట్రాల్లో ఈ కోర్సు నడిపే కళాశాలలు చాలానే ఉన్నాయి, చేరుతున్నవారిలో అమ్మాయిలూ బాగానే ఉన్నారు. ఉద్యోగాలు మాత్రం చదువుకు తగ్గట్టు పెరగలేదు. చాలా ఆసుపత్రులు వీరిని ఇంకా మందుల కౌంటరు దగ్గరే నిలబెడుతున్నాయి. ఇది చెప్పకుండా తల్లిదండ్రులకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. ఈ చదువుకు ఫీజు కట్టే దాత, చదువు ముగిశాక ఆ బిడ్డ ఏ వార్డులో నిలబడుతున్నాడో కూడా కనుక్కోవాలని మా కోరిక.

ఇవాన్స్ 2014లో డైరెక్టరు పదవి వదిలి మళ్లీ తన ప్రయోగశాలకు వెళ్లారు.

చివరగా, ఇంట్లో ఎవరికైనా మెర్‌కాప్టోప్యూరిన్ గాని, అదే కుటుంబానికి చెందిన అజాథయోప్రిన్ గాని మొదలుపెట్టబోతుంటే, టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 పరీక్షల సంగతి వైద్యుణ్ణి అడగవచ్చు. అడగడం అవిధేయత కాదు. పరీక్ష మాత్రలు మొదలుకాకముందే చేయించడం మేలు. ఇటీవల రక్తం ఎక్కించి ఉంటే ఎంజైమ్‌ను కొలిచే పరీక్ష దాత రక్తాన్ని కలిపి చూపి తప్పుదారి పట్టించవచ్చు కనుక ఆ మాట ముందే చెప్పాలి. జన్యువు మారదు కనుక జన్యు పరీక్ష జీవితంలో ఒక్కసారి చాలు. ఆ కాగితాన్ని రేషన్ కార్డు, ఆధార్ ఉంచే సంచిలోనే భద్రపరచి, ఏ ఆసుపత్రికి వెళ్లినా చూపించాలి. పరీక్ష చేయించే వీలు లేకపోయినా, వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం రక్తకణాల లెక్క చూపించుకోవడం మానకూడదు, జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు.